డేమియన్ కావాలని మర్చిపోయిన నాలుగు మాటలు

ఇలా నా పక్కకి జరుగమ్మా, చేతికంటిన పిండి తర్వాత కడుక్కోవచ్చు. చెవి కాస్త ఇటు పెట్టు. ఈ చర్చి కింద గదిలో గొంతు పెంచితే గోడలు నలుగురికీ చాటుతాయి. కొత్తగా వచ్చినదానివి కాబట్టి అడిగావు, ఆ పెద్ద బల్ల దగ్గర పియరోగీలు ఒత్తే ఆడవాళ్ళు నాతో ఎందుకు మాట్లాడరని. ఇరవై ఎనిమిదేళ్ళు నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. పిండి మడతలో పెట్టే దుంప ఎంత మెత్తగా చిదమాలో, జున్ను ఎంత కలపాలో, ఉడికేటప్పుడు విచ్చుకోకుండా అంచు ఎలా నొక్కాలో ఇప్పుడు ఆ బల్ల నడిపే ఓల్గాకి నేర్పింది నేనే. ఇప్పుడు ఈ మూల బల్ల నాది. పక్కన నువ్వు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత బడి భోజనశాలలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పాను. కానీ నా చెవిన పడిన మాట బయటికి పోదు. 1958లో మా ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగినప్పుడు వెనక రేడియోలో ఏ సబ్బు ప్రకటన వస్తోందో ఇప్పటికీ చెప్పగలను. ఈ గుణం మా ఇంట్లో ఇంకొకడికే వచ్చింది, నా మనవడు డేమియన్‌కి. నా కొడుకు లాడ్ కొడుకు. ఆ పేరు నువ్వు వినే ఉంటావు. వంతెన దాటగానే బోర్డు మీద ఇంకా ఉంది, ‘డేమియన్ పెత్రిక్ పుట్టిన ఊరు’ అని. రంగు వెలిసిపోయింది. తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రావు, మళ్ళీ రంగు వెయ్యడానికి ఎవరికీ మనసు రాదు.

పన్నెండేళ్ళప్పుడు మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి బంతి విసిరేవాడు. పోస్టుమ్యాన్ సంచిలో పడేది సరిగ్గా. మిల్లు మూసేశాక ఈ ఊళ్ళో మగవాళ్ళకి మిగిలింది శుక్రవారం సాయంత్రం బడి మైదానంలో చేత్తో విసిరే ఫుట్‌బాల్ ఆట ఒక్కటే. అలాంటి ఊళ్ళో ఒక క్వార్టర్‌బ్యాక్ పుట్టాడంటే ఇంక చూసుకో. మంగలి డబ్బు తీసుకోడు. ఫాదర్‌గారు పాపాల ఒప్పుకోలు వినేటప్పుడు కూడా వాడి భుజం ఎలా ఉందని అడిగేవారు.

జనం అందరూ చేతిని చూశారు. నేను తలను చూశాను. బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. మిగతా పదిమంది ఎవరు ఎటు పరిగెత్తాలో వాడికి తెలిసుండాలి. అవతలి జట్టు వాళ్ళు వచ్చి వాడిని నేలకేసి కొట్టేలోపు, రెండు మూడు సెకన్లలో, ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. అందుకు ఎత్తులు ఉంటాయి, పేజీలకి పేజీలు. ఆ కాగితాలు పట్టుకుని నేను మా వంటింట్లో కూర్చునేదాన్ని. తడుముకుంటూ ఒక ఎత్తు పేరు చదివితే, వాడు స్టవ్ దగ్గర నిలబడి పదకొండు మంది అడుగులూ చెప్పేవాడు. తప్పితే గరిటెతో వీపు మీద ఒకటి. ఎప్పుడోగానీ తప్పేవాడు కాదు. నెల తిరక్కుండా నాకూ అవన్నీ నోటికొచ్చాయి. అలా బడి, ఆ పైన యూనివర్సిటీ అయ్యాయి. ఒక ఏప్రిల్‌లో, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే రోజున, పెద్ద లీగ్ జట్టొకటి ఆరో విడతలో వాడి పేరు పిలిచింది. ఆ రోజు ఊళ్ళో కార్ల హారన్లు అన్నం వేళ దాకా ఆగలేదు. ఫైరింజన్ కూడా రెండు చుట్లు తిరిగింది, మంట ఎక్కడా లేకుండానే.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. రోత అంతా ఇక్కడే మొదలైంది, అదీ నా బల్ల మీదే.

మొదటి వేసవి శిబిరం నుంచి వాడు రెండు రోజులు సెలవు మీద వచ్చాడు. నేను అక్రోటు పప్పు నింపిన తీపిరొట్టె చేశాను. లాడ్ ఎదురుగా కూర్చున్నాడు.

“నానమ్మా, నువ్వు నవ్వుతావ్ ఈ సంగతి వింటే,” అన్నాడు డేమియన్ నోటినిండా రొట్టె పెట్టుకుని. “వెళ్ళగానే మాకో పరీక్ష పెట్టారు. ఒకాయన పది మాటలు చదువుతాడు. కాసేపు వేరే లెక్కలూ బొమ్మలూ ఇచ్చి, మళ్ళీ ఆ పది చెప్పమంటాడు.”

“నీకది పరీక్షేంట్రా? మంచినీళ్ళు తాగినట్టు,” అన్నాను.

“ఆరే చెప్పా.”

నా చేతిలో కత్తి ఆగింది. “జ్వరమా?”

లాడ్‌కి అప్పటికే తెలుసనుకుంటా, బల్ల మీద చరిచి నవ్వాడు. “నీ మనవడు ముదురమ్మా! చెప్పరా, చెప్పు.”

“పాతవాళ్ళు నేర్పార్లే,” అన్నాడు డేమియన్. “తలకి దెబ్బ తగిలితే మళ్ళీ ఇదే పరీక్ష పెడతారంట. మొదట వచ్చిన లెక్క కంటే తగ్గితే కూచోబెట్టేస్తారు. కూచున్నోడి చోటు ఇంకోడికి పోద్ది. అందుకని మొదటిసారే తక్కువ చెప్పాలి. దెబ్బ తగిలినా లెక్క సరిపోద్ది. అందరూ అదే చేస్తారు నానమ్మా. పది చెప్పినోడు వెర్రోడి కింద లెక్క.”

“అయితే నీకు పదీ గుర్తున్నాయా?”

వాడు కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పాడు. “బకెట్, వంతెన, చీమ, నిమ్మకాయ, తాళం, దుప్పటి, కొవ్వొత్తి, గుర్రం, వాన, సబ్బు. వంతెన, నిమ్మకాయ, దుప్పటి, గుర్రం... ఈ నాలుగూ కావాలని మర్చిపోయా.”

అప్పుడు నేనేం చేశానో తెలుసా? నవ్వాను. ఏప్రన్ కొసతో కళ్ళు తుడుచుకునేంత నవ్వాను. రొట్టెలో మధ్య ముక్క, పప్పు ఎక్కువుండేది, కోసి వాడి కంచంలో పెట్టాను. తెలివైనవాడివిరా అన్నాను. ఇన్నేళ్ళలో చాలామందిని చూసి అసహ్యించుకున్నాను, పేర్లు వస్తాయి విను. ఆ వరుసలో మొదట నిలబడాల్సింది ఆ నవ్వు నవ్విన ముసలిదే.

ఆ తర్వాత పదకొండేళ్ళు, ఆరు జట్లు. టోపీ పెట్టుకుని గీత పక్కన నిలబడే ఉద్యోగం వాడిది. పెద్ద క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోతే వీడిని లోపలికి పంపేవారు. వీడు బాగా ఆడితే, వచ్చే ఏడు ఇంకో కుర్రవాడిని తెచ్చేవారు. వీడు పెట్టె సర్దుకునేవాడు. అన్ని ఊళ్ళ నుంచీ నాకు ఫోను చేసేవాడు. ఏ ఆటలో ఎన్నోసారి కింద పడ్డాడో నేను తేదీతో సహా చెప్పగలను. లెక్క వద్దులే, నీకు అన్నం సయించదు.

ఒక్కటి చెబుతాను. ఐదో ఏడు, డిసెంబరు, మంచులో ఆట. చివరి రెండు నిమిషాలు. ఒక కొండలాంటి మనిషి వెనకనుంచి వచ్చి వీడిని ఎత్తి తలకిందులుగా దింపాడు. వీడు లేచాడు. లేచి అవతలి జట్టు గుంపులోకి నడిచి వెళ్ళి నిలబడ్డాడు, అదే తన జట్టనుకుని. ఎవరో భుజం పట్టి ఇటు తిప్పారు. మోకాళ్ళ మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. అది కనపడకుండా టీవీలో ఏదో లారీ ప్రకటన వేశారు. ప్రకటన అయ్యేసరికి వీడు మళ్ళీ మైదానంలో ఉన్నాడు, గడ్డం కింద తడి ఇంకా ఆరలేదు. తర్వాతి బంతికి గెలుపు. మా ఇంట్లో లాడ్ కుర్చీ విరిగేలా గెంతాడు. పక్కింటివాళ్ళు బీరు సీసాలు పట్టుకుని వచ్చేశారు. ఆ సాయంత్రం డేమియన్ ఫోను చేసి, “నానమ్మా, మనం గెలిచామా?” అని అడిగాడు. చెప్పాను. పది నిమిషాలకి మళ్ళీ ఫోను. “నానమ్మా, మనం గెలిచామా?”

మంగళవారం పరీక్ష పెట్టారు. ఆరు మాటలు చెప్పాడట. పాత లెక్క ఆరే కదా. ఆదివారం మళ్ళీ ఆడించారు. అప్పుడు మొదటిసారి నేను నవ్విన నవ్వు నాకే రోతగా తోచింది. అయినా నోరు మూసుకున్నాను. అందరం మూసుకున్నాం.

ఆ తర్వాత ఆరేళ్ళకి, క్రిస్మస్ ముందు రాత్రి విందు. ఓల్గా కుటుంబం కూడా మా ఇంట్లోనే ఉంది. పుట్టగొడుగుల చారు వడ్డిస్తుంటే డేమియన్ చుట్టూ చూసి, “తాతయ్య రాడా? చారు చల్లారిపోద్ది,” అన్నాడు. వాళ్ళ తాత పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. శవపేటిక మోసిన ఆరుగురిలో ముందు ఎడమవైపు వీడే. బల్ల చుట్టూ పదిమంది. పదిమందీ చారులోకి చూశారు. లాడ్ గొంతు సవరించుకుని, “అలసిపోయాడు. సీజన్ మధ్యలో కదా,” అన్నాడు. ఓల్గా వెంటనే, “రొట్టె ఇటియ్యండమ్మా,” అంది. రొట్టె బల్లంతా తిరిగింది. ఆ మాట మాత్రం ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

మార్చిలో గ్రేడీ వోస్ వచ్చాడు. వాడు డేమియన్ ఏజెంటు, ఒప్పందాలు కుదిర్చేవాడు. పళ్ళు తెల్లగా, బూట్లు మరీ తెల్లగా. ఇంకో ఏడాది ఒప్పందం తెచ్చాడు. ఆ శుక్రవారం ఫైర్ హాల్లో, అదే ఫైరింజన్లు ఉండే చోట, చేపల విందు ఉంది, ఈస్టర్ ముందు మాంసం ముట్టని ఉపవాసాల రోజులు కదా. అక్కడ డేమియన్ బడి జట్టు చొక్కా, పద్నాలుగో నంబరుది, దూలానికి కట్టి వేలాడదీస్తారు. ఆ చొక్కా కింద నిలబడి వీడు సంతకం పెడితే పేపరువాళ్ళు ఫోటో తీస్తారు. అదీ ఏర్పాటు. దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ, అంటే గ్రేడీ, లాడ్, డేమియన్, నా వంటింట్లో భోజనానికి కూర్చున్నారు.

గ్రేడీ ఎదురుగా ఉన్నాడని కూడా చూడలేదు, అడగాలనిపించింది, అడిగాను. “డామీ, నేను పది మాటలు చెబుతా, విను.” అవే పది. బకెట్ దగ్గర మొదలుపెట్టి సబ్బు దాకా. తర్వాత పాత ఆటల కబుర్లు పెట్టాను. రెండు డజన్ల పియరోగీలు ఒత్తేంతసేపు మాట్లాడించాను. అప్పుడు, “ఏవిరా నా మాటలు?” అన్నాను.

నవ్వుతూ మొదలుపెట్టాడు. “బకెట్... సబ్బు...” నవ్వు ఆగింది. నుదురు ముడిపడింది. చిన్నప్పుడు స్టవ్ దగ్గర నిలబడ్డట్టే లేచి నిలబడ్డాడు, నిలబడితే వస్తాయేమోనని. “చీమ.” కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. “ఇంకోసారి చెప్పు నానమ్మా. ఈసారి సరిగ్గా వింటా.”

ఇంకోసారి చెప్పాను. మూడే వచ్చాయి. అబద్ధమాడి తప్పినప్పుడు ఆరు. ప్రాణం పెట్టి ప్రయత్నిస్తే మూడు. గరిటె నా చేతిలోనే ఉంది, కానీ వాడి వీపు చూసే ధైర్యం లేకపోయింది.

లాడ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గ్రేడీ బొటనవేలికంటిన పుల్లని మీగడ నాకి, నా భుజం తట్టాడు. “మామ్మగారూ, మీరేం కంగారుపడకండి. వాడి పాత లెక్క ఆరే. రెండు మూడు అటూ ఇటూ అయినా చూసీచూడనట్టు పోతారు. కొత్త జట్టు కదా, మళ్ళీ మొదటి పరీక్ష పెట్టినా పెడతారు. అప్పుడు మూడు చెబితే ఇంకా మంచిది, ఆ తర్వాత ఎన్ని దెబ్బలు తగిలినా ఢోకా ఉండదు.”

వాడి నోట్లో ఉన్నది నేను చేసిన పిండి. ఎక్కడ చచ్చి పడిన ఎలుకనైనా చేత్తో తీసి అవతల పారెయ్యగలను గానీ, ఆ తెల్లటి పళ్ళ వైపు చూడలేకపోయాను.

“నీకు తల్లి ఉందా నాయనా?” అని అడిగాను.

“ఉంది మామ్మగారూ, ఫ్లోరిడాలో.”

“ఆవిడకి నువ్వు గుర్తున్నావా?”

అర్థం కాక నవ్వాడు. డేమియన్ మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. “నానమ్మా, ఇది ఎవరికీ చెప్పకు. ఒక్క ఏడు. ఈసారి మొదటి ఆట నుంచీ నేనే ఆడతానంట. పదకొండేళ్ళు టోపీ పెట్టుకుని నిలబడ్డా. ఒట్టు వెయ్యి.”

ఒట్టు వెయ్యలేదు. వాడి కంచంలో ఇంకో నాలుగు పియరోగీలు వేశాను. ఒట్టు వేశాననుకున్నాడు.

శుక్రవారం ఫైర్ హాల్ కిటకిటలాడింది. వేగిన చేపల నూనె వాసన కోట్లకి పట్టేసింది. ఓల్గా గుమ్మంలో నిలబడి, పద్నాలుగు నంబరు కుట్టిన చేతిరుమాళ్ళు అమ్ముతోంది. చొక్కా పైకి లాగారు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సంతకానికి ముందు నాయనమ్మ రెండు ముక్కలు మాట్లాడాలన్నారు. లాడ్ మైకు నా చేతికిచ్చి చెవిలో, “దీవించి కూచో అమ్మా, చాలు,” అన్నాడు.

నాకు ఉపన్యాసాలు రావు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పది మాటలు, ఆరు మాటలు, మూడు మాటలు. నేను నవ్విన నవ్వు. తాతయ్య కోసం ఆగిన చారు. మా వాడు ఇంకొక్క దెబ్బ తింటే నన్ను కూడా వెతుక్కుంటాడు, మీ చేతిరుమాళ్ళు వాడికి దారి చూపించవు అన్నాను.

వెనక బల్లల్లోంచి ఒకడు అరిచాడు, “పది మాటలు నాకూ గుర్తుండవే ముసలమ్మా! నన్నూ కూచోబెడతావా?” నవ్వులు. ఇంకొకడు, “మా ఆవిడ చెప్పింది ఒక్కటీ గుర్తుండదు నాకు!” ఇంకా నవ్వులు. ఓల్గా నా దగ్గరకి దూసుకొచ్చింది, చేతిలో రుమాళ్ళ బుట్ట.

“ఏంటి వెరోనక్కా ఇది? ఊరి పరువు తీసేశావ్!”

“క్రిస్మస్ రోజు నువ్వూ విన్నావు కదే.”

“విన్నా! అందరం విన్నాం. మాకు తెలీదనుకున్నావా? తెలిసిందల్లా మైకులో చెప్పుకుంటామా?”

అదీ. ఇంకేం చెప్పను? తెలియకపోవడం వేరు. వీళ్ళకి తెలుసు. తెలిసి రుమాళ్ళు కుట్టారు. లాడ్ మైకు తీగ గోడలోంచి పీకేశాడు. అప్పుడు ఎవరో బల్ల మీద దరువు మొదలుపెట్టారు, “డే-మి-యన్! డే-మి-యన్!” హాలంతా అందుకుంది, మైదానంలో చేసినట్టే. నా మనవడు చొక్కా కింద నిలబడి అయోమయంగా చూశాడు. తర్వాత ముఖం విప్పారింది. చెయ్యి పైకెత్తి ఊపాడు. నేను ఏం చెప్పానో అప్పటికే వాడికి జారిపోయింది. చప్పట్లు మాత్రం తెలుసు. వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. నేను వంటగది వెనక్కి వెళ్ళి, చేపల పొలుసులు పారబోసే చోట వాంతి చేసుకున్నాను.

ఆ రోజు సంతకం అయింది. కానీ ఫోటో తియ్యడానికి వచ్చిన పిల్ల, జిల్లా పేపరుది, ఫోటో వదిలేసి నా మాటలు రాసుకుపోయింది. అది అచ్చులో వచ్చాక లీగ్ డాక్టర్లు పిలిచారు. ఈసారి మాటల పరీక్షతో ఆపలేదు, తలలోకి చూసే యంత్రాలు పెట్టారు. మూడో రోజు జట్టువాళ్ళు ఒప్పందం కాగితం వెనక్కి తీసుకున్నారు. గ్రేడీ వోస్ మళ్ళీ ఫోను కూడా చెయ్యలేదు. డేమియన్ ఇంక ఆడలేదు.

లాడ్ ఆ రోజు నుంచి నా గుమ్మం తొక్కలేదు. ఈ ఆడవాళ్ళ సంగతి నువ్వే చూస్తున్నావు. డేమియన్ ఒక్కసారి వచ్చి, “నువ్వు నాకు చచ్చిపోయావు నానమ్మా,” అన్నాడు. పద్నాలుగు నెలలు మొహం చూపించలేదు.

పదిహేనో నెల ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టాడు. లోపలికొచ్చి, కోటు తీసి, తన కుర్చీలో కూర్చున్నాడు. “చాన్నాళ్ళైంది కదా నానమ్మా. నేనెందుకు రాలేదు ఇన్నాళ్ళూ?”

క్షమించాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాదమ్మా. కోపం ఎందుకొచ్చిందో మర్చిపోయాడు.

పనిలో పడి ఉంటావులే అనొచ్చు. లాడ్ అయితే అదే అనేవాడు. వాడికి ఇంక ఒక్క అబద్ధం కూడా చెప్పను. అందుకే కూర్చోబెట్టి అంతా చెప్పాను, ఫైర్ హాల్ దాకా. వింటూ వింటూ ముఖం నల్లబడింది. కంచం తోసేసి, “నువ్వు నాకు చచ్చిపోయావు,” అని వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ తలుపు తట్టాడు. “చాన్నాళ్ళైంది కదా నానమ్మా.” మూడేళ్ళుగా ఇంతే. కొన్ని ఆదివారాలు అరుస్తాడు. కొన్నిసార్లు ఏడుస్తాడు. మొన్న ఒకసారి మాత్రం అంతా విని, లేవకుండా, రొట్టె మధ్య ముక్క నా కంచంలో పెట్టాడు. ఈ ఆదివారం ఏం చేస్తాడో తెలియదు.

నాకు ఎనభై రెండు. నేను పోయాక వాడు ఆ తలుపు తట్టి తట్టి ఇక్కడికి వస్తాడు, పిండి వాసన పట్టుకుని. ఆ పెద్ద బల్ల వాళ్ళు, ‘అలసిపోయావులే, కూచో,’ అంటారు. నువ్వు అలా అనకు. కూర్చోబెట్టి చెప్పు. కోప్పడితే పడనీ. నేను నవ్విన సంగతి వదిలెయ్యకు, దాన్నే ముందు చెప్పు. ఇంకెవరి ఇంట్లోనైనా పిల్లవాడు మొదటి శిబిరం నుంచి వచ్చి నవ్వుతూ లెక్క చెబితే, వాళ్ళకీ చెప్పు.

పదీ గుర్తుపెట్టుకోకపోయినా ఫర్వాలేదు. వాడు కావాలని వదిలేసిన నాలుగూ పట్టుకో చాలు. వంతెన, నిమ్మకాయ, దుప్పటి, గుర్రం. ఈ ట్రే నిండే దాకా మాట్లాడుకుందాం. తర్వాత అడుగుతాను, అప్పజెప్పాలి.